పదహారు ఆదివారాలు: అయ్యకోనేరు వెనక వీధిలో సాహిత్యం మేడం తరగతి

విజయనగరంలో అయ్యకోనేరు గట్టు వెనక వీధిలో ఒక పాత మేడ ఉంది. కింద కిరాణా కొట్టు, దాని మీద హోమియో డాక్టరు గారు, ఆ పైన పొడుగ్గా ఒక గది. జూన్ రెండో వారం నుంచి దసరా ముందు దాకా పదహారు ఆదివారాలు, సాయంత్రం నాలుగింటికి, ఆ గదిలో కూర్చున్నాను. పాఠం చెప్పే మేడం ఇంగ్లీషు సాహిత్యం ప్రొఫెసరుగా చేసి రిటైరయ్యారు. ఫీజు మొత్తం 1,800 రూపాయలు, జిరాక్సు కాగితాలు అందులోనే. చేరాలా వద్దా అని నన్ను ఇప్పటికే నలుగురైదుగురు అడిగారు. ఒక్కొక్కరికీ ఫోనులో చెప్పేకన్నా ఉన్నదున్నట్టు వివరంగా రాసేస్తే మంచిదనిపించింది.

ముందు నా సంగతి చెప్పాలి. లేకపోతే నాకు ఏది నచ్చిందో, ఏది నచ్చలేదో, ఎందుకో మీకు తెలీదు. నేను ల్యాబ్ టెక్నీషియన్ని. పంతొమ్మిదేళ్ల నుంచి ఇదే పని. చీపురుపల్లి నుంచి రోజూ రైల్లో వచ్చి, రక్తం, మూత్రం, కఫం పరీక్షలు చేసి, సాయంత్రం మళ్లీ రైలెక్కుతాను. తెలుగు చదువు ఇంటర్‌తో ఆగిపోయింది. ఇంగ్లీషంటే నాకు రిపోర్టు మీద రాసే నలభై యాభై మాటలే. మా ల్యాబ్ పక్క జిరాక్సు షాపులో గోడకి చేత్తో రాసిన కాగితం ఒకటి అంటించి ఉంది. "సాహిత్యం, చరిత్ర, సైన్సు, లెక్కలు కలిపి చదువుదాం. ఏ చదువున్నా, లేకపోయినా రావచ్చు. సర్టిఫికెట్ ఇవ్వబడదు." ఆ ఆఖరి వాక్యం చదివి నంబరు రాసుకున్నాను. కాగితం కోసం కాకుండా మనిషి కోసం చెప్పే చదువు ఎలా ఉంటుందో చూడాలనిపించింది.

మొత్తం ఇరవై రెండు మందిమి. రిటైరైన ఆర్టీసీ కండక్టరు గారు ఒకాయన, బీఈడీ చదివే అమ్మాయిలు ఇద్దరు, బ్యాటరీల షాపాయన, బ్యాంకు ఉద్యోగి, ఇంటర్ చదివే కుర్రాడూ వాడితో పాటు వాళ్లమ్మా, ఇంకా కొందరు గృహిణులు. మొదటి రోజు మేడం తన గురించి ఏమీ చెప్పలేదు. బోర్డు మీద "1897" అని రాసి, ఆ సంవత్సరం ఏం జరిగిందో ఎవరికైనా తెలుసా అని అడిగారు. బీఈడీ అమ్మాయి వెంటనే చెప్పింది, గురజాడ అప్పారావు గారి కన్యాశుల్కం అచ్చయిన సంవత్సరం అని. నాకు తెలిసింది ఇంకొకటి. రోనాల్డ్ రాస్ సికింద్రాబాదులో దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూసింది 1897 ఆగస్టు 20న. మా ల్యాబుల వాళ్లకి ఆ తేదీ గుర్తుంటుంది, ఏటా ఆ రోజున దోమల దినం చేస్తారు. ఆ మాట చెప్పడానికి గొంతు పెగల్లేదు గానీ చెప్పాను.

మేడం రెండూ బోర్డు మీద పక్కపక్కన రాశారు. "మీరిద్దరూ ఒకే ఎండాకాలం, ఒకే వానాకాలం చూసిన మనుషుల గురించి చెప్పారు. ఒకరు నాటకం అచ్చు వేయించుకుంటున్నారు, ఒకరు దోమని కోసి చూస్తున్నారు. మీ పాఠాల్లో వీళ్లిద్దరూ ఎప్పుడైనా ఒకే పేజీలో కనబడ్డారా?" అన్నారు. లేదు. తెలుగు పుస్తకంలో ఒకరు, సైన్సు పుస్తకంలో ఒకరు. ఈ తరగతి సంగతి నాకు అప్పుడే అర్థమైంది.

అన్నీ కలిపి చెబుతారంటే నాకు మొదట భయమే. ప్రతి సబ్జెక్టులోంచి చెంచాడు చెంచాడు తీసి పెడతారేమో, ఇంటికెళ్లేసరికి ఏదీ మిగలదేమో అనుకున్నాను. ఈ మేడం పద్ధతి అది కాదు. ఒకే ఒక్క చిన్న వస్తువు పట్టుకుంటారు. ఒక పేజీ, ఒక సంవత్సరం, ఒక మాను. దాన్ని వదలరు. అది పూర్తిగా అర్థం కావాలంటే ఎక్కడో లెక్క అడ్డం పడుతుంది, అప్పుడు లెక్క చేయాలి. ఎక్కడో రోగం అడ్డం పడుతుంది, అప్పుడు వైద్యం తెలిసినవాళ్లు చెప్పాలి. అవసరం పడ్డాకే ఇంకో శాస్త్రం గదిలోకి వస్తుంది.

రెండో వారం నుంచి నాలుగో వారం దాకా, మూడు ఆదివారాలు, కన్యాశుల్కం ముందుమాటలో ఒక్క పేరా చదివాం. నాటకం కాదు, నాటకానికి గురజాడ వారు ఇంగ్లీషులో రాసిన ముందుమాట. మేడం ఒక్కో వాక్యం చదివి తెలుగులో చెప్పారు. అప్పటి విశాఖపట్నం జిల్లాలో బ్రాహ్మణ కుటుంబాల్లో డబ్బు తీసుకుని చేసిన ఆడపిల్లల పెళ్లిళ్లకి విజయనగరం మహారాజు గారు ఒక జాబితా రాయించారట. మూడేళ్ల పెళ్లిళ్లు లెక్క తేలితే 1,034. సంవత్సరానికి సగటు 344. అందులో ఐదేళ్ల పిల్లలు 99 మంది. నాలుగేళ్ల వాళ్లు 44. మూడేళ్ల వాళ్లు 36. రెండేళ్ల వాళ్లు ఆరుగురు. ఏడాది పిల్లలు ముగ్గురు. ఆ ముగ్గురు పసికందులకి ఒక్కొక్కరికి 350 నుంచి 400 రూపాయల దాకా వెల.

మేడం చదవడం ఆపి, కాగితం పెన్సిలు తీసి కూడమన్నారు. ఐదేళ్లు, అంతకు లోపు పిల్లలు 188 మంది. మొత్తంలో దాదాపు 18 శాతం. ఇంటర్ కుర్రాడు గబగబా చెప్పేశాడు. అప్పుడు కండక్టరు గారు చెయ్యెత్తారు. ఆయనకి ముప్పై ఏళ్లు టిక్కెట్ల లెక్క రాసిన చెయ్యి. "మేడం, 344ని మూడు పెట్టి హెచ్చేస్తే 1,032 వస్తాది. ఇంకా రెండు పెళ్లిళ్లు మిగిల్నాయి. ఆ ఇద్దరు గుంటలూ ఏటయ్యారు?"

గదిలో ఎవరం మాట్లాడలేదు. ఫ్యాను చప్పుడు వినబడింది. సగటు తీస్తే చివర మిగిలేది వదిలేస్తాం, స్కూల్లో అలాగే నేర్పారు. ఆ వదిలేసినవాళ్లు ఇద్దరు పిల్లలని ఆయన చెప్పేదాకా మా ఎవరికీ తట్టలేదు. మేడం జవాబు చెప్పలేదు. ఆ ప్రశ్నని బోర్డు మీద ఆయన మాటల్లోనే రాశారు, "ఏటయ్యారు" అనే రాశారు, దిద్దలేదు. "నాటకం పుట్టింది ఈ ప్రశ్నలోంచే. లెక్క చెప్పలేనిది చెప్పడానికి ఆయనకి మనుషులు కావలసి వచ్చారు," అన్నారు. నాకు బుచ్చమ్మ, సుబ్బి పేర్లు సినిమా వల్ల తెలుసు. ఆ రోజు నుంచి వాళ్లు నాకు 1,034లో ఇద్దరుగా కనబడుతున్నారు.

అదే పేరాలో ఇంకో మాట ఉంది. ఈ జాబితా పూర్తిదీ కాదు, కచ్చితమైనదీ కాదు, పిల్లకి డబ్బు తీసుకున్నామని ఒప్పుకోవడానికి జనం ఇష్టపడరు కదా అని గురజాడ వారే రాశారు. నేను కుర్చీలోంచి లేచిపోయినంత పని చేశాను. తెల్లకణాలు లెక్క పెట్టేటప్పుడు మేం గళ్లు గీసిన గాజు పలక మీద మూలల్లో ఉండే నాలుగు పెద్ద గళ్లు చూస్తాం. రెండు వైపుల గీతల మీద పడిన కణాల్ని లెక్కలోకి తీసుకోవాలి, మిగతా రెండు వైపుల గీతల మీదవి వదిలేయాలి, లేకపోతే ఒకే కణం రెండుసార్లు లెక్కకొస్తుంది. నాలుగు గళ్ల లెక్కలోంచి మొత్తం మనిషి రక్తం గురించి ఒక అంకె రాస్తాం. ఆ అంకె పక్కన "ఇది పూర్తిది కాదు" అని నా జీవితంలో ఎప్పుడూ రాయలేదు. తన లెక్క ఎక్కడ కుంటుతోందో తనే చెప్పి, అయినా ఇది పనికొస్తుందని నిలబడిన మనిషిని చూసి నాకు చేతులు జోడించాలనిపించింది.

ఇంటికెళ్లి అడగండి అన్నది ఆ వారం హోంవర్కు. మా మామ్మకి ఎనభై ఎనిమిదేళ్లు. మేం బ్రాహ్మణులం కాదు. పిల్లకి ఇచ్చే డబ్బుని మా వైపు ఓలి అనేవారు. "నీకు ఓలి ఇచ్చారా మామ్మా?" అని అడిగితే మామ్మ తలకి నూనె రాయించుకుంటూనే చెప్పింది. "ఇచ్చారే. ముప్పై రూపాయలు, ఒక ఆవు. మా అయ్య ఆవుని ఉంచేసి రూపాయలతో మా అన్నకి పెళ్లి చేశాడు." పెళ్లినాటికి తనకి పదకొండేళ్లు. నలభై ఆరేళ్లుగా ఒకే ఇంట్లో ఉన్నాం, ఈ మాట నాకు తెలీదు. ఆ రాత్రి ఒక పేజీ రాశాను. రాయడం అలవాటు లేని చెయ్యి, నాలుగు గంటలు పట్టింది.

మేడం ప్రతి కాగితం పెన్సిలుతో దిద్ది ఇస్తారు. ఎర్ర సిరా వాడరు. నా కాగితం మీద రెండే మాటలున్నాయి. "చాలా" అన్న మాట నేను మూడు చోట్ల రాశాను, మూడింటి కిందా గీత గీసి "ఎంత?" అని రాశారు. చివర "ఆవు రంగు అడిగారా?" అని రాశారు. అడిగాను. కపిల ఆవట. మామ్మకి డెబ్బై ఏడేళ్ల కిందటి ఆవు రంగు గుర్తుంది, ఆ రోజు తన మెడలో వేసింది ఏమిటో గుర్తులేదు. ఇరవై రెండు మంది కాగితాలు ప్రతి వారం ఇంత శ్రద్ధగా చదివే టీచరుని నేను ఇంకెక్కడా చూడలేదు. ఫీజులో సగం దీనికే ఇవ్వొచ్చు.

ఆరో వారం కరెంటు పోయింది. కిటికీలు తీసి, కోనేటి వైపు గాలికి కూర్చున్నాం. అప్పుడు బీఈడీ అమ్మాయి అడిగితే మేడం తన ఉద్యోగం సంగతి చెప్పారు. విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీలో ఎం.ఏ. ఆ తర్వాత పద్నాలుగేళ్లు డిగ్రీ కాలేజీలో. బీఎస్సీ పిల్లలకి జనరల్ ఇంగ్లీషు చెప్పే పని, కాలేజీలో అందరూ తప్పించుకునే పని, ఆవిడ మీద పడింది. ఆ పిల్లలు కప్పని కోసి ప్రతి నరం బొమ్మ వేయగలరు, ఒక పద్యంలో క్రియ ఎక్కడుందో మాత్రం వెతకరు. చూసే కన్ను ఉంది, దాన్ని పద్యం మీద పెట్టమని ఎవరూ చెప్పలేదు, అంతే తేడా అని ఆవిడకి తోచింది. జువాలజీ చెప్పే తోటి లెక్చరర్ని అడిగి ఇద్దరూ కలిసి శుక్రవారం ఒక పిరియడ్ మొదలెట్టారు. ఆయన కప్ప గురించి చెబితే, ఆవిడ కప్ప మీద కవిత చదివించేవారు. పిల్లలు నిండిపోయారు. ఏడాది తిరిగేసరికి ఆ పిరియడ్ ఆపేయమన్నారు. ఇద్దరు టీచర్లు ఒక పిరియడ్‌లో ఉంటే అది ఎవరి వర్కులోడులో రాయాలో రిజిస్టరులో గడి లేదట.

తర్వాత వేరే రాష్ట్రంలో ఒక ప్రైవేటు యూనివర్సిటీలో పన్నెండేళ్లు చేశారు. అక్కడ లిబరల్ ఆర్ట్స్ పేరుతో ఇలాంటి చదువే ఉంది. జియాలజీ టీచరు, లా టీచరు, ఆవిడ కలిసి నీళ్ల మీద ఒక కోర్సు చెప్పారు. బావి లోతు ఒకరు, కాలవ తగాదా కేసులు ఒకరు, నీళ్ల మోతల పాటలు ఆవిడ. ఆ పన్నెండేళ్లు తన బతుకులో మంచి కాలం అన్నారు. అక్కడా ప్రమోషన్ దగ్గరికొచ్చేసరికి ఇబ్బందే. ఆవిడ వ్యాసాలు సాహిత్యం కమిటీకి సాహిత్యంలా కనబడలేదు, పర్యావరణం కమిటీకి పర్యావరణంలా కనబడలేదు. ఇదంతా చెప్పేటప్పుడు గొంతులో కోపం లేదు. బాధ ఉంది. రెండు సబ్జెక్టుల మధ్య నిలబడితే ఎండా వానా రెండూ మన మీదే పడతాయి, అక్కడ చూరు ఉండదు అన్నారు.

లిబరల్ అన్న మాట కూడా ఆ రోజే విడమరిచారు. లాటిన్‌లో లిబెర్ అంటే స్వేచ్ఛ గలవాడు. యూరప్‌లో మధ్యయుగంలో స్వేచ్ఛ గలవాడు నేర్వాల్సినవి ఏడు: వ్యాకరణం, తర్కం, వక్తృత్వం, అంకగణితం, జ్యామితి, సంగీతం, ఖగోళం. మొదటి ప్రపంచ యుద్ధం అయ్యాక 1919లో న్యూయార్కులో కొలంబియా కళాశాల పిల్లలందరికీ ఉమ్మడిగా ఒక పాఠం పెట్టింది, ఎవరు ఏ సబ్జెక్టు వాళ్లైనా సరే కూర్చోవాల్సిందే. "అదే 1919లో మన ఊళ్లో ఏం జరిగింది?" అన్నారు. సంగీత కళాశాల, అన్నాను. కోట దగ్గర రోజూ దాని ముందు నుంచే నడుస్తాను. మొదటి ప్రిన్సిపాలు ఆదిభట్ల నారాయణదాసు గారు. గజ్జె కట్టి ఆడతారు, పాడతారు, తాళం వేస్తారు, కథ చెబుతారు, పద్యం కడతారు, ఉమర్ ఖయ్యాంని సంస్కృతంలోకీ అచ్చతెలుగులోకీ తెచ్చారు. హరికథ ఒక్క రాత్రిలో ఆ ఏడింట్లో సగం కళ్లముందు పెడుతుంది, మనం దానికి ఇంగ్లీషు పేరు పెట్టుకోలేదంతే అన్నారు మేడం. మహారాజా కళాశాలలో ఇంగ్లీషు చెప్పిన రోణంకి అప్పలస్వామి గారి మాట కూడా వచ్చింది. ఈ ఊళ్లోనే ఉండి ఎన్నో యూరప్ భాషలు నేర్చుకున్న మనిషి. తనకి దారి చూపించింది అలాంటివాళ్లే అన్నారు.

అన్నిటికన్నా నా మనసులో నిలిచిపోయింది గిడుగు రామమూర్తి గారి వారం. తెలుగు భాషా దినోత్సవం దగ్గరపడుతోంది కదా, వ్యావహారిక భాష గురించి చెబుతారనుకున్నాను. మేడం ఆ వైపే వెళ్లలేదు. మన శ్రీకాకుళం వైపు పర్వతాలపేటలో పుట్టి, పర్లాకిమిడిలో చరిత్ర చెప్పే మాస్టారు. ముఖలింగం గుడి గోడల మీద శాసనాలు చదవడం తనంతట తనే నేర్చుకున్నారు. కొండల్లో ఉండే సవర గిరిజనుల మాట వినబడి, అది కూడా నేర్చుకోవాలనుకున్నారు. సవర భాష తెలుగుకి చుట్టం కాదు, ముండా భాషల కుటుంబం. అందులో గొంతులోనే నొక్కి ఆపేసే శబ్దాలున్నాయి, మన అక్షరాల్లో వాటికి చోటు లేదు. టేపు రికార్డరు లేని కాలం, ఉన్నది చెవి ఒక్కటే. సవర పిల్లలకి బడి పెట్టి, తెలుగు లిపిలో వాళ్ల భాషకి వాచకాలు రాశారు. కొండల్లో తిరిగి తిరిగి మలేరియా వస్తే క్వినైన్ మింగారు. దాంతో చెవి పోయింది.

ఇక్కడ మేడం ఆగి నా వైపు చూశారు. "క్వినైన్‌కీ చెవికీ ఏమిటి సంబంధం? మలేరియా అంటే లోపల అసలు ఏం జరుగుతుంది? ఇది నాకు తెలీదు. మీరు చెప్పాలి." వారం ముందే ఫోను చేసి అడిగి ఉన్నారు, కాబట్టి పాత స్లైడులు రెండు, ల్యాబులో అడిగి చిన్న మైక్రోస్కోపు తెచ్చాను. సుద్దముక్క పట్టుకుని జనం ముందు నిలబడటం నాకు అదే మొదటిసారి. ఎర్రకణంలో ఉంగరంలా కనబడే పరాన్నజీవి బొమ్మ గీశాను. ఫాల్సిపారం అనే రకం పరాన్నజీవి ముదిరితే అరటిపండు ఆకారం వస్తుందని చూపించాను. కణాలన్నీ ఒక్కసారి పగిలినప్పుడు చలి, వణుకు, జ్వరం ఎందుకొస్తాయో చెప్పాను. క్వినైన్ ఎక్కువైతే చెవిలో హోరు, వినికిడి తగ్గడం ఉంటాయని డాక్టరు గారిని అడిగి రాసుకున్నది చదివాను. ఇరవై నిమిషాలు పట్టింది. ఆ ఇరవై నిమిషాలూ మేడం నా కుర్చీలో, నా నోటుపుస్తకం పక్కన కూర్చుని, తన పుస్తకంలో రాసుకున్నారు. నేను స్పెల్లింగు తప్పు రాస్తే దిద్దలేదు. ఒక్క ప్రశ్న మాత్రం అడిగారు. "ఆ హోరు అతనికి ఎలా వినబడి ఉంటుంది, వానలానా, గాలిలానా?" ల్యాబులో పంతొమ్మిదేళ్లలో రోగికి ఎలా వినబడుతుంది అని నన్ను ఎవరూ అడగలేదు.

ఆ తర్వాత అందరూ వరసగా వచ్చి మైక్రోస్కోపులో చూశారు. కండక్టరు గారు చాలాసేపు చూసి, "ఇంత గుంటది ఇంత పెద్ద మనిషి చెవి ఎత్తుకుపోయిందా" అన్నారు. చెవి పోయాక గిడుగు వారు పని ఆపలేదు. సవర భాషా బోధిని 1931లో, సవర ఇంగ్లీషు నిఘంటువు 1938లో వచ్చాయి. వినబడని మనిషి ఒక భాష శబ్దాలన్నీ జాగ్రత్త చేసి ఇచ్చి వెళ్లాడు. ఇంటికి పోయే రైల్లో కూర్చుని నేను ఏడ్చాను.

మిగతా వారాల్లో కొన్ని బావున్నాయి, కొన్ని లేవు. శ్రీకాకుళంలో కథానిలయానికి వెళ్లిన ఆదివారం బావుంది. కాళీపట్నం రామారావు గారు 1997లో పెట్టిన తెలుగు కథల లైబ్రరీ. ఆయన విశాఖలో లెక్కల మాస్టారు, రాసింది కథలు. మా మేడం కళ్లు అక్కడ మెరిశాయి. మీ మీ పని గురించి ఎవరైనా కథ రాశారేమో వెతకండి అన్నారు గానీ టైము చాలలేదు. రోజంతా కేటాయించాలి, మధ్యాహ్నం బయల్దేరితే లాభం లేదు.

మా ఊరి పైడితల్లమ్మ పండగలో ఊరేగించే సిరిమాను వారం కూడా మంచిదే. సుమారు అరవై అడుగుల చింతమాను, చివర ఆసనంలో పూజారి, కోటకీ గుడికీ మధ్య మూడుసార్లు ఊరేగింపు. చిన్నప్పటి నుంచి మూడు లాంతర్ల దగ్గర నిలబడి చూస్తున్నదే. బ్యాటరీల షాపాయన కర్రా ఇటుకా పెట్టి తూకం ఎలా నిలుస్తుందో చూపించారు, పొడుగు వైపు కొస మీద మనిషి ఉంటే పొట్టి వైపు ఎంత బరువుండాలో లెక్క కట్టించారు. మేడం పైడితల్లమ్మ కథలో 1757 బొబ్బిలి యుద్ధం ఎలా ఇమిడి ఉందో చెప్పారు. భక్తిని ఎక్కడా చిన్నబుచ్చలేదు. మా తరగతిలో అమ్మవారికి మొక్కుకునేవాళ్లం సగం మందిమి, ఎవరికీ మనసు కష్టపడలేదు.

నచ్చనిది అరసవల్లి వారం. సూర్యనారాయణమూర్తి పాదాల మీద మార్చిలో, అక్టోబరులో కొన్ని ఉదయాలు కిరణాలు పడతాయి. ఎంత మంచి అంశం! దానికి బయటి నుంచి ఒకరిని పిలిచారు. ఆయన గంటన్నర ప్రొజెక్టరు మీద ఉన్నదే చదివారు, ప్రశ్న అడిగితే తర్వాత అన్నారు, ఆ తర్వాత రాలేదు. మెట్లు దిగుతూ ఇంటర్ కుర్రాడు రెండు నిమిషాల్లో చెప్పాడు. రాత్రీ పగలూ సమానమయ్యే మార్చి రోజుకి పదీ పన్నెండు రోజుల ముందు, సెప్టెంబరు రోజుకి అన్నే రోజుల తర్వాత, సూర్యుడు ఆకాశంలో ఒకే దారిన నడుస్తాడు, అందుకే ఏడాదికి రెండుసార్లు అని. మేడం ఆ కుర్రాడి చేతే చెప్పించాల్సింది. పై వారం ఆ మాట నేను అంటే ఒప్పుకున్నారు, తప్పు నాదే అన్నారు.

ఇంకా కొన్ని ఇబ్బందులు. మెట్లు నిటారుగా ఉంటాయి, పట్టుకోడానికి రెయిలింగు ఒక వైపే. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకి కష్టం. జూన్‌లో గది కాలిపోతుంది, రెండు ఫ్యాన్లు చాలవు. నాలుగింటికి సరిగ్గా మొదలవుతుంది గానీ ఆరున్నరకి అయిపోవాల్సింది ఏడుంబావు దాకా పోతుంది. రైలు పట్టుకోవాల్సిన నాలాంటివాళ్లు మంచి చోట లేచి రావాలి. నాలుగుసార్లు అలా లేచి వచ్చాను, నాలుగుసార్లూ మనసు అక్కడే ఉండిపోయింది. జిరాక్సుల్లో ఇంగ్లీషు కాగితాలే ఎక్కువ. మేడం నోటితో తెలుగులో చెబుతారు, నిజమే, కానీ ఇంటికెళ్లాక మళ్లీ చూసుకోడానికి తెలుగులో ఏమీ ఉండదు. గృహిణులిద్దరు ఐదో వారానికే మానేశారు, కారణం ఇదేనని నాకు గట్టిగా అనిపిస్తుంది. మేం కొందరం కలిసి వచ్చే విడతకి ఆ కాగితాలు తెలుగులో రాసిపెడతామని చెప్పాం, మొదటి మూడూ అయ్యాయి కూడా.

పోటీ పరీక్షలకి పనికొస్తుందా అని అడిగేవాళ్లకి: రాదు. గ్రూపు పరీక్షల కోసమే టైము ఉన్నవాళ్లు ఇక్కడికి రావద్దు, ఇద్దరికీ నష్టం. వారానికి ఒక పేజీ రాయలేనివాళ్లూ రావద్దు. ఊరికే కూర్చుని వినడానికి ఇది ఉపన్యాసం కాదు. మా ఆయన మొదట, ఆదివారం ఒక్కటీ ఇంట్లో ఉండవా అని గొణిగారు. ఓలి కాగితం చదివాక మామ్మ దగ్గర కూర్చుని ఆవు సంగతి మళ్లీ అడిగి చెప్పించుకున్నారు. ఆ తర్వాత ఆదివారాలు స్టేషన్ దాకా బండి మీద దింపుతున్నారు.

డ్యూటీలో నాకు వచ్చిన మార్పు ఒకటి చెప్పాలి. స్లైడు సరిగ్గా పరుచుకోకపోతే, రక్తం తక్కువగా వస్తే, ఇదివరకు ఉన్నదాంతో అంకె రాసి పంపేసేదాన్ని. ఇప్పుడు కింద ఒక లైను రాస్తున్నాను, నమూనా తక్కువ, మళ్లీ చూడటం మంచిది అని. మా డాక్టరు గారు మొదట ఎందుకిది అన్నారు. రెండు కేసుల్లో మళ్లీ చేయించాక ఇప్పుడు అందరినీ అలాగే రాయమంటున్నారు.

కొత్త విడత జనవరిలో మొదలవుతుంది, ఫీజు అదే. పేరు ఇవ్వాలంటే ఆదివారం మూడున్నరకి నేరుగా గదికే వెళ్లి మాట్లాడండి, ఇరవై ఐదు మంది దాటితే తీసుకోరు. ఈసారి పదహారు వారాలూ ఒకే వస్తువు: జనపనార. నాటు దగ్గర నుంచి నీళ్లలో నానబెట్టే వాసన దాకా, మిల్లు సైరను దాకా, గోనె సంచి మీద అచ్చు దాకా. మిల్లులో చేసినవాళ్లు మీ ఇళ్లలో ఉంటే పిలుచుకు రండి, ఆ రోజు పాఠం వాళ్లదే అన్నారు మేడం. మా చిన్నాన్న నెల్లిమర్ల మిల్లులో ఇరవై రెండేళ్లు చేశాడు. తీసుకొస్తానని మాటిచ్చాను. ఆ మెట్లు ఎక్కించడం ఎలాగో కండక్టరు గారితో మాట్లాడుతున్నాను. కుర్చీలో కూర్చోబెట్టి నలుగురం మోద్దాం అంటున్నారు ఆయన.